కోలాకి నలభై, మామిడి డ్రింకుకి ఐదు: పాపపు పన్ను లెక్క ఎవరిది?

కిరాణా కొట్టు ఫ్రిజ్ తెరిస్తే ఒకే అరలో కోలా, మామిడి డ్రింకు పక్కపక్కనే ఉంటాయి. రెండు సీసాలూ తీసి వెనక లేబుల్ మీది సన్నక్షరాలు చదవండి. కోలాలో 100 మిల్లీలీటర్లకు పదిన్నర గ్రాముల దాకా పంచదార ఉంటుంది. మామిడి డ్రింకుల్లో కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ అయినా దాదాపు అదే లెక్క. పావు లీటరు ఏది తాగినా ఆరు టీస్పూన్ల పంచదార కడుపులోకి పోయినట్టే. ఇప్పుడు పన్ను చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కోలా మీద జీఎస్టీ 40 శాతం. మామిడి డ్రింకు మీద 5 శాతం. అంతకుముందు అది 12 ఉండేది, తగ్గించారు. మరి చక్కెరే లేని డైట్ కోలా మీద ఎంతనుకుంటున్నారు? అదీ 40 శాతమే.

ఆరోగ్యానికి చెరుపు చేసే వస్తువుల మీద ప్రభుత్వం భారీగా పన్ను (పాపపు పన్ను అనేది దీన్నే) వేయాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా రెండు వైపుల నుంచీ పెద్ద మాటలు వినిపిస్తాయి. ఒకరు ప్రజారోగ్యం అంటారు, ఇంకొకరు ఎవరి తిండి వాళ్లిష్టం అంటారు. ఈ మూడు సీసాల ముందు నిలబడితే ఆ రెండు మాటలూ పక్కకు పోతాయి. చెరుపు పంచదారది అనుకుంటే మామిడి డ్రింకుకి ఐదేమిటి, డైట్ కోలాకి నలభై ఏమిటి? నా మట్టుకు నేను ఇలాంటి పన్నుకి అనుకూలమే. మన దేశంలో అది ఇప్పుడున్న తీరు మీదే నా పేచీ అంతా.

ముందు, అసలు పన్ను ఎందుకు అన్న ప్రశ్న. "నా ఒళ్లు నా ఇష్టం, నా డబ్బు నా ఇష్టం" అన్న వాదన వినడానికి బాగానే ఉంటుంది. కానీ తాగినవాడి బిల్లు తాగినవాడి దగ్గరే ఆగదు. గుండెకి స్టెంటు, నోటి క్యాన్సర్‌కి ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద జరిగితే ఆ డబ్బు అందరిదీ. ఆరోగ్యశ్రీ వర్తించని చోట ఇంట్లో పుస్తెలతాడు తాకట్టు పెట్టి కట్టేది భార్య. 2017-18లో పొగాకు జబ్బుల వల్ల, అకాల మరణాల వల్ల దేశానికి జరిగిన ఆర్థిక నష్టాన్ని 1.77 లక్షల కోట్ల రూపాయలుగా లెక్కగట్టారు. అది ఆనాటి జీడీపీలో ఒక శాతం పైమాటే. ఆ నష్టంలో కొంతైనా వస్తువు ధరలోనే వసూలు చేయడం అన్యాయమేమీ కాదు.

రెండో కారణం ఇంకా సూటిది. ధర పెరిగితే జనం తగ్గిస్తారు. పొగాకు ధర 10 శాతం పెరిగితే మనలాంటి దేశాల్లో వాడకం 5 శాతం దాకా పడిపోతుందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతున్న లెక్క. కుర్రాళ్లలో ఇంకాస్త ఎక్కువే తగ్గుతుంది, ఎందుకంటే వాళ్ల జేబులో డబ్బులు తక్కువ, అలవాటు ఇంకా ముదరలేదు. కూల్‌డ్రింకుల విషయంలో మెక్సికో అనుభవం ఉంది. 2014 జనవరి నుంచి అక్కడ తీపి డ్రింకుల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేశారు, అంటే ధరలో పదో వంతు. ఆ ఏడాది కొనుగోళ్లు సగటున 6 శాతం తగ్గాయి. పేద ఇళ్లలో అంతకంటే ఎక్కువ తగ్గాయి. మంచినీళ్ల సీసాల అమ్మకం పెరిగింది.

ఆరు శాతమేనా అని పెదవి విరవచ్చు. బ్రిటన్ వాళ్లు ఇంకో దారి తొక్కారు. జనం నోరు కట్టేసే పని పెట్టుకోకుండా కంపెనీల చెయ్యి మెలితిప్పారు. 2016 మార్చిలో ప్రకటించారు, 2018 ఏప్రిల్ నుంచి అమలు. 100 మిల్లీలీటర్లలో 5 గ్రాముల కంటే తక్కువ చక్కెర ఉంటే పన్ను లేదు. మొదట్లో 5 నుంచి 8 గ్రాముల మధ్య ఉంటే లీటరుకు 18 పెన్నీలు, 8 దాటితే 24 పెన్నీలు వేశారు. మధ్యలో రెండేళ్లు గడువిచ్చారు. ఆ రెండేళ్లలో కంపెనీలు ఒకదాని వెంట ఒకటి ఫార్ములా మార్చి ఐదు గ్రాముల గీత కిందికి దిగిపోయాయి. స్కాట్లాండ్‌లో ఐరన్ బ్రూ అనే డ్రింకు మీద జనానికి ఎంత మోజంటే, పాత రుచి పోతోందని తెలిసి కొందరు పెట్టెలకు పెట్టెలు కొని ఇంట్లో దాచుకున్నారు. తాగేవాడు తన అలవాటు మానుకోకపోయినా సీసాలోని చక్కెర తగ్గిపోయింది. పన్ను రూపంలో అనుకున్నంత డబ్బు రాలేదు. రాకపోవడమే ఆ పన్ను పనిచేసిందనడానికి గుర్తు.

మన పన్నులో ఆ మెలిక లేదు. చక్కెర సగం తగ్గించినా 40 శాతమే, మొత్తం తీసేసినా 40 శాతమే అయినప్పుడు ఏ కంపెనీ మాత్రం ఫార్ములా ఎందుకు మారుస్తుంది? ఇంకో చిక్కు కూడా ఉంది. మన పన్ను ధరలో శాతం. రిలయన్స్ వాళ్లు క్యాంపా కోలా 200 మిల్లీలీటర్ల సీసాని పది రూపాయలకే దించారు. పోటీకి మిగతావాళ్లూ చిన్న సీసాల ధరలు చూసుకోవాల్సి వచ్చింది. ఇరవై రూపాయల సీసాలో 40 శాతం జీఎస్టీ అంటే ఐదు రూపాయల డెబ్బై పైసలు. అదే సీసా పదికి దిగితే రెండు రూపాయల ఎనభై ఆరు పైసలు. చక్కెర అంతే ఉంది, పన్ను మాత్రం సగమైంది. పైకి ప్రపంచంలోనే గట్టి రేటులా కనిపించే పన్ను పల్లెటూరి కొట్టు దగ్గరికి వచ్చేసరికి బడిపిల్లాడి చేతిలోని పది నోటుకి అడ్డం పడటం లేదు.

మామిడి డ్రింకుకి ఐదు శాతం ఎందుకో తెలియాలంటే చిత్తూరు వైపు వెళ్లాలి. అక్కడి తోతాపురి కాయ ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. 2025 సీజన్‌లో ధర కుప్పకూలి, కాయల ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు బారులు తీరాయి. కిలోకు 12 రూపాయలు రైతుకు దక్కాలని, అందులో 8 ఫ్యాక్టరీ ఇస్తే మిగతా 4 తాము ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుకు రావాల్సి వచ్చింది. అలాంటప్పుడు గుజ్జుతో చేసే డ్రింకు మీద పన్ను తగ్గించమని అడగడం రాజకీయంగా సహజం. రైతు కష్టం నిజమే. కానీ అతనికి ఆ నాలుగు రూపాయలు నేరుగా ఇవ్వడం ఒక పద్ధతి, అతని పేరు చెప్పి పిల్లల చేతుల్లో పంచదార నీళ్లు చవగ్గా పెట్టడం ఇంకో పద్ధతి. పైగా ఆ డ్రింకుల్లో గుజ్జు వంతు తక్కువ, నీళ్ల వంతే ఎక్కువ. అదే జీఎస్టీ మార్పుల్లో చాక్లెట్, బిస్కట్, ఐస్‌క్రీమ్ 18 నుంచి 5కి దిగాయి. నూడుల్స్, ప్యాకెట్ కారప్పూస కూడా ఐదులోకే వచ్చాయి. మధ్యతరగతికి ఊరట అన్నారు, అందులో అబద్ధం లేదు. దాన్ని ఆరోగ్య విధానం అని మాత్రం అనలేం.

తిండి మీద పన్ను వేయడం ఎంత తంటానో అనుభవం ఉన్నవాళ్లకే తెలుసు. డెన్మార్క్ 2011 అక్టోబరులో సంతృప్త కొవ్వు మీద కిలోకు 16 క్రోనర్ల పన్ను పెట్టింది. వెన్న, చీజ్, మాంసం అన్నీ అందులోకి వచ్చాయి. జనం సరిహద్దు దాటి జర్మనీలో కొనుక్కున్నారు. ఏడాది దాటీ దాటగానే రద్దు నిర్ణయం తీసుకుని 2013 జనవరికల్లా ఎత్తేశారు. కేరళలో 2016లో ఆర్థికమంత్రి థామస్ ఐజాక్ పిజ్జా, బర్గర్ల మీద 14.5 శాతం కొవ్వు పన్ను వేశారు, అదీ బ్రాండెడ్ రెస్టారెంట్లకే. పక్క వీధిలో కొబ్బరినూనెలో వేయించే అరటి చిప్స్ జోలికి పోలేదు. మరుసటేడు జీఎస్టీ వచ్చి అదీ కలిసిపోయింది. మన దగ్గర మిర్చి బజ్జీ బండి మీద, మిఠాయి కొట్టులో కాజా మీద ఇలాంటి పన్ను వేయగల మొనగాడు ఇంకా పుట్టలేదు. వేయాల్సిన అవసరం ఉందని కూడా నేననుకోను. ఫ్యాక్టరీలో తయారై, లేబుల్ మీద గ్రాములు రాసి ఉన్న వస్తువు దగ్గరే ఈ పన్ను సాధ్యం.

పొగాకు దగ్గరికి వస్తే సందేహాలకు తావు తక్కువ. మితంగా వాడితే ఫర్వాలేదు అనడానికి వీల్లేని వస్తువు అది. 2026 ఫిబ్రవరి 1 నుంచి సిగరెట్ల మీద 40 శాతం జీఎస్టీకి తోడు, పొడవును బట్టి వెయ్యికి 2,050 నుంచి 8,500 రూపాయల దాకా ఎక్సైజ్ సుంకం వేస్తున్నారు. అంటే సిగరెట్టు ఒక్కోదానికి రెండు నుంచి ఎనిమిదిన్నర. పాన్‌డబ్బాలో ఒకటీ రెండూ విడిగా కొనే మన అలవాటుకి ఇది గట్టిగానే తగులుతుంది. లైటర్ తాడుకు వేలాడే ఆ డబ్బా దగ్గర పెట్టె మీద బొమ్మ హెచ్చరిక ఎవడికీ కనిపించదు, ధర మాత్రం ప్రతిసారీ వినిపిస్తుంది.

అదే రోజు నుంచి బీడీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. తునికాకు మీద అంతకుముందే, 2025 సెప్టెంబరులో, 18 నుంచి 5కి తగ్గించారు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో సిగరెట్ తాగే పెద్దలు 4 శాతం, బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. ఊపిరితిత్తులకి బీడీ పొగ తేలికేమీ కాదు. మరి సిగరెట్ ధర పెంచి బీడీ ధర తగ్గిస్తే కూలి పనివాడు ఎటు మళ్లుతాడో చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవక్కర్లేదు.

బీడీ మీద పన్ను పెంచకపోవడానికి కారణం నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్ల అరుగుల మీద కనిపిస్తుంది. ఒళ్లో చాట, చాటలో తడిపిన తునికాకు, పక్కన పొగాకు పొడి. రేకు అచ్చు పెట్టి ఆకును కత్తెరతో కత్తిరించి, చిటికెడు పొడి వేసి, వేళ్ల మధ్య చుట్టి, దారం కట్టి, కొస మడిచేస్తారు. వెయ్యి బీడీలకి ఇంత అని కూలి. రోజంతా వంగి కూర్చుంటే మెడా నడుమూ పట్టేస్తాయి, పొగాకు ధూళి ఊపిరిలోకి పోతుంది. లక్షల మంది ఆడవాళ్లకి అదే ఆదరువు. తెలంగాణ ప్రభుత్వం వాళ్లకి జీవనభృతి కూడా ఇస్తోంది, 2019 నుంచి నెలకు 2,016 రూపాయలు. వాళ్ల ఉపాధి పేరు చెప్పి బీడీని చవగ్గా ఉంచుతున్నాం. కానీ చవగ్గా ఉన్న బీడీ లాభం చుట్టే చేతికి ఎంత చేరుతోంది, కార్ఖానా యజమానికి ఎంత చేరుతోంది అన్న లెక్క ఎవరూ అడగరు. ఏటా కొంచెం కొంచెంగా పన్ను పెంచి, ఆ వచ్చింది వచ్చినట్టు జీవనభృతికి, ఇంకో పని నేర్పడానికి పెడితే ఆ కుటుంబాలకి ఇప్పటికంటే మేలే జరుగుతుంది.

పొగాకు రైతుదీ ఇలాంటి కథే. 2025లో నల్లబర్లీ పొగాకు కొనేవాళ్లు లేక గుంటూరు, ప్రకాశం, బాపట్ల వైపు రైతులు లబోదిబోమంటే రాష్ట్ర ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. ఒక చేత్తో పొగాకు మీద పన్ను వేసి, ఇంకో చేత్తో పొగాకు కొనడం తప్పని నేననను. రైతుని ఆ పంట నుంచి బయటికి తెచ్చే ఖర్చు కూడా ఈ పన్నులో భాగమే అని ఒప్పుకుంటే చాలు.

ఈ పన్ను పేదల మీదే ఎక్కువ పడుతుందన్న అభ్యంతరం ఉంది కదా. పడుతుంది. రోజుకు ఆరు వందలు సంపాదించేవాడికీ లక్ష జీతగాడికీ సిగరెట్టు మీద పన్ను ఒకటే. కానీ మెక్సికోలో చూసినట్టు ధర పెరిగితే ముందు తగ్గించేది కూడా పేదవాళ్లే, జబ్బు తప్పితే ఎక్కువ మిగిలేది కూడా వాళ్లకే. ఈ సమాధానం సిగరెట్‌కీ కూల్‌డ్రింక్‌కీ నిలుస్తుంది. మద్యం దగ్గర మాత్రం నిలవదు. దానికి సాక్ష్యం కోసం బయటి దేశాలకి పోనక్కర్లేదు.

మద్యం జీఎస్టీలో లేదు, ఆ పన్ను పూర్తిగా రాష్ట్రాలదే. 2019లో దశలవారీ మద్యనిషేధం హామీతో అధికారంలోకి వచ్చిన వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం ఆ అక్టోబరు నుంచి దుకాణాలు తనే నడపడం మొదలుపెట్టింది. 4,380 షాపుల్ని 3,500కి, తర్వాత 2,934కి తగ్గించింది. 2020 మే మొదటి వారంలో, లాక్‌డౌన్ సడలి షాపులు తెరుచుకున్న వేళ ధర రెండు విడతల్లో 75 శాతం పెంచింది. భారీ పన్నుతో తాగుడు మాన్పించే ప్రయోగం మన దేశంలో ఇంతకంటే గట్టిగా జరిగిన సందర్భం నాకు గుర్తు లేదు.

ఏం జరిగింది? అమ్ముడైన పెట్టెలు తగ్గాయి, అందులోనూ బీరు బాగా తగ్గింది. ఆదాయం పెద్దగా తగ్గలేదు. తెలంగాణ, కర్ణాటక, యానాం వైపు నుంచి సీసాలు రావడం మొదలైంది. బైకు ట్యాంకు కవర్లలో, కూరగాయల బుట్టల అడుగున క్వార్టర్లు. పొరుగు రాష్ట్రం నుంచి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని ఆ సెప్టెంబరులో హైకోర్టు అంది, తర్వాత ప్రభుత్వం దానికి పర్మిట్ కావాలని నిబంధన పెట్టింది. తెలిసిన బ్రాండ్లు పోయి బూమ్ బూమ్, ప్రెసిడెంట్ మెడల్ లాంటి పేర్లు వచ్చి జోకులకి సరుకయ్యాయి. నాటుసారా బట్టీలు మళ్లీ వెలిగాయి. 2021 డిసెంబరుకల్లా ప్రభుత్వమే ధరలు తగ్గించింది.

అలవాటు ముదిరినవాడి మీద ధర ఎలా పనిచేస్తుందో ప్రకాశం జిల్లా కురిచేడు చూపించింది. 2020 జులై నెలాఖర్లో కరోనా కట్టడి వల్ల అక్కడ దుకాణాలు మూసేశారు. మందు దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. అది ధర వల్ల జరిగింది కాదు. కానీ శానిటైజర్ తాగడానికి సిద్ధపడ్డవాడు క్వార్టర్‌కి ఇంకో యాభై ఎక్కువైందని ఆగుతాడా? ఆగడు. ఆ యాభై పాల ప్యాకెట్లోంచో పిల్లల ఫీజులోంచో వస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, మిగతా ఆడవాళ్లు సారా ధర పెరగాలనో తగ్గాలనో గొడవ పెట్టలేదు. ఊళ్లో దుకాణమే వద్దన్నారు. వాళ్ల ఉద్యమంతోనే 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఖజానా తట్టుకోలేక 1997లో ఆ నిషేధం ఎత్తేశారు.

ఖజానా అన్న మాట దగ్గరే అసలు కథ. 2022లో ఆంధ్రప్రదేశ్ బెవరేజెస్ కార్పొరేషన్ 8 వేల కోట్లకు పైగా బాండ్లు అమ్మింది. నిషేధం తెస్తామన్న ప్రభుత్వం, రాబోయే ఏళ్లలో జనం తాగబోయే మందుని నమ్ముకుని అప్పు తెచ్చుకుంది. ప్రభుత్వం మారాక, 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు తిరిగొచ్చి 99 రూపాయల క్వార్టర్ గొప్ప హామీలా అమలైంది. తెలంగాణలో 2023లో 2,620 వైన్ షాపుల కోసం 1.3 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఒక్కో దరఖాస్తుకి తిరిగిరాని ఫీజు 2 లక్షలు. ఒక్క చుక్క అమ్మకముందే రాష్ట్రానికి 2,600 కోట్లకు పైగా వచ్చాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మగవాళ్లలో 43 శాతం మద్యం తాగుతారు, అరుణాచల్ తర్వాత దేశంలో ఇదే ఎక్కువ. ఏ పార్టీ అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. జీతాలూ పథకాలూ మందు డబ్బు మీద నడుస్తున్నప్పుడు ఆ డబ్బు తగ్గాలని కోరుకునే ఆర్థికమంత్రి ఎక్కడ దొరుకుతాడు?

కేంద్రం సంగతీ అంతే. 2017 నుంచి సిగరెట్లూ కోలాలూ కార్ల మీద వసూలు చేసిన పరిహార సెస్సులో ఆరోగ్యానికంటూ విడిగా తీసిపెట్టింది లేదు. ముందు రాష్ట్రాల జీఎస్టీ నష్టం పూడ్చడానికి, తర్వాత కరోనా కాలంలో ఆ పేరున తెచ్చిన 2.69 లక్షల కోట్ల అప్పు తీర్చడానికి పోయింది. ఫిలిప్పీన్స్ 2012లో పొగాకు, మద్యం పన్నులు పెంచినప్పుడు పెరిగిన ఆదాయంలో ఎక్కువ భాగం పేదల ఆరోగ్య బీమాకే అని చట్టంలోనే రాసుకుంది. కట్టేవాడికి ఆ డబ్బు ఎక్కడికి పోతోందో కనిపిస్తే కోపం కొంత తగ్గుతుంది. ప్రభుత్వానికి కూడా ఆ డబ్బుతో వేరే సరదాలు తీర్చుకునే వీలుండదు.

కాబట్టి నన్నడిగితే డ్రింకుల మీద రేటు పెంచాల్సిన పని లేదు, చక్కెర గ్రాముల్ని బట్టి మెట్లు కడితే చాలు, కోలా అయినా మామిడి అయినా. బీడీని సిగరెట్‌కి దగ్గరగా తేవాలి, నెమ్మదిగా, చుట్టే ఆడవాళ్లకి ముందు దారి చూపించి. మద్యం మీద పన్ను సీసా ధరను బట్టి పోకుండా అందులోని ఆల్కహాల్‌ని బట్టి ఉండాలి, లేకపోతే బీరు మానేసి చీప్ విస్కీకి దిగడమే జరుగుతుంది. తాగుడు మాన్పించడానికి పన్ను ఒక్కటే చాలదు. ఊరి బడి పక్కన బెల్టు షాపు ఉండగా ధరెంత పెంచినా దండగే. జిల్లా ఆసుపత్రిలో మానిపించే వార్డు, అందులో మందులు, మాట్లాడే మనిషి ఉండాలి. ఎక్సైజ్ ఆదాయంలో ఒక్క శాతం చట్టప్రకారం దానికి కేటాయించినా రెండు రాష్ట్రాల్లో ప్రతి జిల్లాకీ కోట్లలో నిధులొస్తాయి. ఆ ఒక్క శాతం కోసం జీఎస్టీ మండలిని అడగాల్సిన పని కూడా లేదు, అసెంబ్లీలో ఒక బిల్లు పెడితే సరిపోతుంది.